మన, మానా, నోములు, రోగులు: ఆట మాటల స్పెల్లింగ్ మీద ఒక ప్రాజెక్టు డైరీ

మేం ఆరుగురం పద్నాలుగు నెలలుగా ఒక ఫాంటసీ ఆట ఆడుతున్నాం. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఎవరి పాత్రగా వాళ్లు మాట్లాడే రకం ఆట. కథ నడిపేది నేను. నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ఆడేది తెలుగులో, వారమంతా గ్రూపులో కబుర్లు రెండింటినీ కలిపి. ఆటగాళ్ల కోసం తెలుగులో నాలుగు పేజీల చిట్టా రాద్దామని కూర్చుంటే మొదటి పేజీ దాటలేకపోయాను. రాక్షసులుండే నేలమాళిగను "డంజన్" అని రాయాలా, "డన్జన్" అనా, "డంజియన్" అనా? నా పాత నోట్సు తీసి చూస్తే మూడూ ఉన్నాయి, మూడూ నేను రాసినవే.

సరే, మావాళ్లు నిజంగా ఎలా రాస్తున్నారో లెక్కపెట్టి, ఎక్కువమంది రాసేదే చిట్టాలో పెడదాం అనుకున్నాను. పది గంటల పని అనుకున్నది నలభై అయిదు గంటలు పట్టింది. అందులో సగం గంటలు పోగొట్టిన తప్పులు ఇక్కడ రాస్తున్నాను. మీ గుంపు కబుర్ల మీద ఇదే పని మీరూ చేసుకోవచ్చు.

దశ 1: పోగు చేయడం

1. గ్రూపు కబుర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైలుగా దించాను.
2. అంతకు ముందే అయిదుగురినీ అడిగాను. ఒకరు తన సొంత గొడవలున్న రెండు వారాలు తీసేయమన్నారు, తీసేశాను.
3. ఫొటోలు, స్టిక్కర్లు, ఫార్వర్డులు, "ఫలానావారు చేరారు" లాంటి వరుసలు తుడిచేశాను.
4. మిగిలినవాటిని తెలుగు లిపివి ఒక పక్క, ఇంగ్లీషు అక్షరాలవి ఒక పక్క పెట్టాను.

మొత్తం 11,240 వరుసలు. తుడిచినవి 2,980. మిగిలిన 8,260లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవి 5,950, తెలుగు లిపిలో రాసినవి 2,310.

ఆ 5,950ని పక్కన పెట్టేయడం నా మొదటి తప్పు. అసలు మాటను పుస్తకంలో ఉన్నట్టే రాస్తారు కాబట్టి వాటిలో స్పెల్లింగ్ సంగతి ఏమీ ఉండదనుకున్నాను. మాట సంగతి నిజమే. కానీ మాటకు తగిలించే "లు", "ని", "కి" వాటిలోనే విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తోకలే ఈ ప్రాజెక్టులో అసలు సరుకని అయిదో వారానికి గానీ తెలియలేదు.

వెతకాల్సిన ఆట మాటలు: 60. గంటలు (ప్రతిచోటా మొదటి నుంచి అప్పటిదాకా కలిపి): 4.

దశ 2: మొదటి లెక్క, మొత్తం చెత్త

ప్రోగ్రాములు రాసే భాష పైథాన్‌లో అందరూ వాడే అడ్డదారి ఒకటుంది. మాటలను విడగొట్టడానికి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అని రాస్తే చాలు. అదే రాసి, ఎక్కువసార్లు వచ్చిన మాటల పట్టీ తీశాను. పైన వరుసగా "మన", "గన", "అత", "పద" లాంటివి వచ్చాయి. "గన" అనే రాక్షసుడు మా కథలో లేడే అని కాసేపు ఆలోచించాను.

విషయం ఏమిటంటే, ఆ గుర్తు అక్షరాలను, అంకెలను పడుతుంది గానీ గుణింతపు గుర్తులను, పొల్లును అక్షరాలుగా లెక్కలోకి తీసుకోదు. గుణింతం ఎక్కడుంటే అక్కడ మాటను తెగ్గొడుతుంది. "డ్రాగన్" దానికి మూడు ముక్కలు: డ, ర, గన. ఆ "గన" మా డ్రాగనే. దానికి తెగకుండా చిక్కేవి గుణింతమూ పొల్లూ లేని మాటలు మాత్రమే. "మన" నిక్షేపంగా దొరికింది, "మానా" మ, న అని రెండుగా తెగిపోయింది.

మార్చింది: ఆ గుర్తు తీసేసి, యూనికోడ్‌లో (కంప్యూటరు ప్రతి అక్షరానికీ ఇచ్చే నంబర్ల పట్టీలో) తెలుగు వరుస మొత్తాన్ని, అంటే 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, ఒక మాటలోని భాగంగా తీసుకోమన్నాను. అప్పుడు "డ్రాగన్" డ్రాగన్‌గానే వచ్చింది.

గంటలు: 7.

దశ 3: మన

మంత్రం వేయడానికి ఖర్చయ్యే శక్తిని ఆటల్లో మానా అంటారు. నాకు తలనొప్పి తెచ్చింది అదే. ఆ మాట పసిఫిక్ దీవుల భాషలది. అక్కడ అది మహిమ, పరపతి లాంటిది. కాడ్రింగ్టన్ అనే మిషనరీ 1891లో మెలనీసియా ప్రజల మీద రాసిన పుస్తకంతో ఇంగ్లీషు పండితుల్లోకి వచ్చింది. ఖర్చయిపోయే మంత్రశక్తిగా దాన్ని 1969లో లారీ నివెన్ అనే రచయిత ఒక కథలో వాడాడు. అక్కణ్నుంచి ఆటలు ఎత్తుకున్నాయి.

ఆ దీవుల భాషల్లో ఒకటైన మావోరీలో దాని రెండు అచ్చులూ పొట్టివే. అంటే తెలుగులో మూలానికి దగ్గరగా రాయాలంటే "మన" అని రాయాలి. రాశారు కూడా. నేను "మన" కోసం వెతికితే 418 చోట్ల దొరికింది. అన్నీ చేత్తో చూశాను. 409 చోట్ల అది మామూలు "మన" (మన పార్టీ, మన గుర్రాలు, మనవాడు). తొమ్మిదింటిలో మాత్రం మంత్రశక్తి. వాటిలో ఒకటి: "మన మన అయిపోయింది, ఇక పారిపోదాం."

మిగతా లెక్క: మానా 61, మాన 6, మనా 4. ఆ తొమ్మిదితో కలిపి 80. ఆ తొమ్మిదీ మొదటి మూడు నెలల్లోవే. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరూ "మానా" వైపు జరిగారు. మూలానికి దగ్గరిదని గానీ, పుస్తకంలో ఉందని గానీ కాదు. "మన" అనే కుర్చీలో అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు, అంతే.

ఇక్కడే ఒక ఘోరం చేశాను. చిట్టా చిత్తుప్రతిలో ముందుజాగ్రత్తగా "మన"ని "మానా"గా ఒకేసారి మార్చేశాను. పర్యవసానం:

- "మన పార్టీ" కాస్తా "మానా పార్టీ" అయింది.
- "మనసు" కాస్తా "మానాసు" అయింది.
- "మనిషి"లో నకారం తర్వాత గుడి వేరే గుర్తు కదా. ఆ "మన" మారి "మానా" కాగానే గుడికి ఆనుకోవడానికి హల్లు లేకుండా పోయి, చుక్కల వలయం ఒకటి తెర మీదికొచ్చింది.

నాలుగు పేజీలూ మళ్లీ టైపు చేశాను. తెలుగులో వెతికి మార్చేటప్పుడు ముందూ వెనకా ఖాళీ ఉన్న పూర్తి మాటనే పట్టుకోండి. అప్పుడు కూడా ఒక్కొక్కటే చూసి మార్చండి.

గంటలు: 13.

దశ 4: కనబడని అక్షరం

"ఎల్ఫ్" (కథల్లోని మనిషిలాంటి ఒక జాతి) అన్న మాటకి బహువచనం ఎన్ని రకాలుగా రాశారో తీస్తే నాలుగు వరుసలు వచ్చాయి:

ఎల్ఫ్‌లు: 22
ఎల్ఫ్లు: 17
ఎల్ఫులు: 13
ఎల్ఫ్ లు: 9
మొత్తం: 61

మొదటి రెండింటికీ తేడా ఒక కనబడని గుర్తు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో 200సి. అది ఉంటే పొల్లు పొల్లుగా నిలబడి "లు" పక్కన కూర్చుంటుంది. లేకపోతే ఫకారం కింద లావత్తు పడుతుంది. రాసేవాడికి రెండింటిలోనూ ఉద్దేశం ఒకటే. అది పడిందా లేదా అన్నది ఆ ఫోనులోని కీబోర్డు ఇష్టం. నేను దశ 2లో రాసిన యూనికోడ్ వరుసలో ఈ గుర్తు లేదు, అది వేరే చోట ఉంటుంది. కాబట్టి నా లెక్కలో "ఎల్ఫ్‌లు" మళ్లీ ఎల్ఫ్, లు అని రెండు మాటలైంది. రెండు వారాల లెక్క పారేశాను.

మార్చింది:

1. ముందు ఫైలునంతా ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో సమం చేయాలి. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా ఉండదు. నా పట్టీలో "నైట్" (కవచం వేసుకున్న వీరుడు) రెండుసార్లు రావడానికి కారణం అదే.
2. మాట విడగొట్టే వరుసలో 200సిని కూడా చేర్చాలి.
3. లెక్కపెట్టేటప్పుడు మాత్రం 200సిని తీసేసిన నకలు మీద లెక్కపెట్టాలి. అసలు ఫైలును ముట్టుకోవద్దు.

ఇలా చేశాక 22, 17 కలిసి 39 అయ్యాయి. మిగిలిన 13 "ఎల్ఫులు" వేరే కథ. అందులో 11 ఒక్కరివే, మా గుంపులో వయసులో పెద్దాయనవి. బస్సు, పెన్ను, కారు, రైలు లాగా వచ్చిన మాటకు చివర ఉకారం తగిలించి తెలుగు చేసే పాత పద్ధతి ఆయనది. మిగతావాళ్లు పొల్లుతో ఆపేస్తారు. అయితే మూడు ఆటలు ఫోనులో రికార్డు చేసి విన్నాను. నోటితో అందరూ "ఎల్ఫుకి", "గిల్డులో", "ట్యాంకుని" అనే అంటున్నారు. "ఎల్ఫ్‌కి" అని రాసే కుర్రాడు కూడా పలికేది "ఎల్ఫుకి" అనే. అంటే రాతలో మేం నోటికన్నా ఎక్కువ ఇంగ్లీషువాళ్లం. "డ్రాగన్" లాంటి నకారపు పొల్లు మాటలకు ఈ గోలే లేదు. "డ్రాగన్ని" అని రాస్తే అచ్చ తెలుగులాగే ఒదిగిపోతుంది, కీబోర్డుతో పని లేదు.

కనీసం పదిసార్లు వచ్చిన మాటలు: 60లో 34. ఒకే స్పెల్లింగ్‌తో కుదురుకున్నవి: 11. గంటలు: 18.

దశ 5: మూలంలో చూద్దామని వెళ్తే

ఏది సరైనదో ఇంగ్లీషులో చూసి తేల్చుకుందామనుకున్నాను. అక్కడే కుదురు లేదు.

డ్వార్ఫ్ (కథల్లోని పొట్టి మనుషుల జాతి) సంగతే చూడండి. పాత నిఘంటువుల ప్రకారం దాని బహువచనం ఎఫ్ అక్షరంతో, డ్వార్ఫ్స్. 1937లో "ది హాబిట్" నవల అచ్చయినప్పుడు రచయిత టోల్కీన్ దాన్ని వి అక్షరంతో డ్వార్వ్స్ అని రాశాడు. అదే ఏడాది వచ్చిన డిస్నీ సినిమా పేరులో మాత్రం ఎఫ్ అక్షరమే ఉంది. 1950లలో టోల్కీన్ తర్వాతి పెద్ద పుస్తకం అచ్చుకెళ్తే, అచ్చుపనివాళ్లు అది తప్పనుకుని ఎఫ్‌తో దిద్దేశారు. ఆయన పోట్లాడి మళ్లీ వి వేయించుకున్నాడు. 1974లో వచ్చిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్", ఆ తర్వాతి ఫాంటసీ ఆటలూ చాలావరకు ఆ వి అక్షరాన్నే పట్టుకున్నాయి. ఒక మనిషి మొండితనం ఆటల పుణ్యమా అని అలవాటుగా మారింది.

మా గ్రూపులో దీని ప్రతిధ్వని: డ్వార్ఫ్‌లు 38, డ్వార్వ్స్ 21, డ్వార్వ్స్‌లు 4. చివరి నాలుగింటిలో ఇంగ్లీషు బహువచనం మీద తెలుగు బహువచనం ఎక్కింది. తప్పే గానీ నాకు ముచ్చటేసింది. ఆ రాసినవాడికి "డ్వార్వ్స్" బహువచనంలా వినిపించడం మానేసిందన్నమాట.

కొన్ని మార్పులకు కారణం వ్యాపారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి ముద్రణల్లో హాబిట్, ఎంట్, బాల్‌రాగ్ అని టోల్కీన్ కథల్లోని జీవుల పేర్లే ఉండేవి. హక్కుదారులు అభ్యంతరం చెప్పాక అవి హాఫ్‌లింగ్, ట్రియంట్, బేలోర్ అయ్యాయి. వార్‌హామర్ వాళ్లు ఒక ఆటలో రాక్షసజాతి ఓర్క్‌ని సి అక్షరంతో, అంతరిక్షపు ఆటలో కె అక్షరంతో రాస్తారు. 2015లో వచ్చిన ఇంకో ఆటలో ఏకంగా ఓరక్ అన్నారు. మ్యాజిక్ చివర అదనపు కె, డీమన్‌లో అదనపు ఏ, పాములాంటి డ్రాగన్ వర్మ్‌కి ఓ బదులు వై అక్షరం, ఇలాంటివన్నీ కంటికి పాతగా కనబడాలని చేసే పనులు.

ఇవేవీ తెలుగులోకి రావు. సి అయినా కె అయినా మనకు క్. అదనపు కె పెట్టిన మ్యాజిక్ కూడా మ్యాజిక్కే. ఇంగ్లీషులో కన్నుతో చేసే గారడీ మన లిపిలో ఆవిరైపోతుంది. అందుకే మూలంలో తేడా ఉన్న మాటలన్నిటికీ పట్టీలో విడివిడిగా పెట్టిన నిలువులు కలిపేశాను. ఆరు నిలువులు తగ్గాయి.

గంటలు: 22.

దశ 6: కన్ను మాటలు, చెవి మాటలు

మిగిలిన మాటల్లో ఒక తీరు కనిపించింది. సినిమాల్లోనో వీడియోల్లోనో విని నేర్చుకున్న మాటను పలుకు ప్రకారం రాస్తున్నారు. తెర మీద చదివి నేర్చుకున్న మాటను అక్షరాల ప్రకారం రాస్తున్నారు. పెద్ద కొడవలి ఆయుధానికి వినినవాడు "సైత్" అన్నాడు, చదివినవాడు "స్కైత్" అన్నాడు. దయ్యం లాంటి ఒకదానికి "రెయిత్", "వ్రైత్". మంత్రాల పుస్తకానికి "గ్రిమ్వార్", "గ్రిమోయిర్". (ఈ చివరి మాట, వ్యాకరణానికి ఇంగ్లీషులో ఉన్న మాట, తళుకుబెళుకులకు వాడే గ్లామర్, ఈ మూడూ ఒకే కడుపున పుట్టినవి. చదువు రానివాళ్లకు పుస్తకం పట్టుకున్న ప్రతివాడూ మాంత్రికుడిలాగే కనబడ్డాడు కాబోలు.)

చెవి మాటే గెలుస్తుందని నా అంచనా. రెయిత్, సైత్ విషయంలో అలాగే అయింది. రెండు మాటలు మాత్రం ఎదురు తిరిగాయి.

ఒకటి గ్నోమ్, కథల్లోని బుల్లి మనుషుల జాతి. ఇంగ్లీషులో మొదటి అక్షరం పలకరు, "నోమ్" అనాలి. అందరికీ తెలుసు. మొదట్లో "నోమ్" అనే రాశారు కూడా. తర్వాత దానికి "లు" తగిలింది. మా పెద్దాయన ఉకారంతో రాశారు: "వంతెన దగ్గర నోములు ఉన్నాయి." దాని కింద ఆ రోజంతా నోముల మీద జోకులే. "ఎవరు పట్టారన్నా?" "వంతెన పట్టింది." ఆ వారం నుంచి "గ్నోమ్" వచ్చింది, ఇక పోలేదు. చివరి లెక్క: గ్నోమ్ 47, నోమ్ 8. పలకని అక్షరాన్ని ఇప్పుడు మావాళ్లు నోటితో కూడా పలుకుతున్నారు.

రెండోది రోగ్. దొంగ పాత్ర. ఇంగ్లీషులో ఈ మాటకున్న చిక్కు ఆన్‌లైన్ ఆటలు ఆడేవాళ్లందరికీ తెలిసిందే. జి, యు అక్షరాలు తారుమారైతే ఎర్ర రంగు, బుగ్గలకు పూసుకునే రూజ్ అవుతుంది. రెండూ నిజమైన మాటలే కాబట్టి స్పెల్లింగ్ చూసే యంత్రం నోరెత్తదు. అందుకే ఆ తప్పు ఇన్నేళ్లుగా చావలేదు. తెలుగులో ఆ తారుమారు జరగదు. ఇక్కడ వేరే గొయ్యి ఉంది. ఫోను "రోగ్"ని పట్టుకుని "రోగి" అనో "రోగం" అనో సలహా ఇస్తుంది. బహువచనం "రోగులు".

"రేపటి ఆటకు ఎంతమంది రోగులు?"
"నాకు జ్వరం తగ్గింది రా. ఒక్కడే."

లెక్క: ఒంటరిగా ఉన్నప్పుడు "రోగ్" 52 చోట్ల సరిగ్గానే రాశారు. బహువచనం కావాల్సి వచ్చినప్పుడల్లా తప్పించుకున్నారు. "రోగ్ క్యారెక్టర్లు", "దొంగోళ్లు", "రోగ్ బ్యాచ్" అన్నారు. ఆరు నెలలకు "దొంగ" గెలిచింది.

ఇక్కడ నాకు పని మొత్తం తిరగబడింది. నేను మాటను ఒంటరిగా నిలబెట్టి దాని స్పెల్లింగ్ కొలుస్తున్నాను. కానీ తోక తగిలేదాకా ఎన్ని రకాలుగా రాసినా ఎవరికీ ఇబ్బంది లేదు. "లు" గానీ "కి" గానీ తగిలినప్పుడే అది పక్కింటి తెలుగు మాటను గుద్దుకుంటుంది, అప్పుడే ఒక రూపం నిలబడి ఇంకోటి పోతుంది. పట్టీలో ప్రతి మాటకూ మూడు గళ్లు పెట్టి మళ్లీ మొదలుపెట్టాను: ఒంటరిగా, "లు"తో, "కి"తో. దశ 1లో పారేసిన 5,950 వరుసలు కూడా వెనక్కి తెచ్చుకున్నాను.

కుదురుకున్నవి: 34లో 19. గంటలు: 28.

దశ 7: నా తెలుగు మాటల గతి

ఇరవై మాటలకు తెలుగు ఇచ్చి రెండు నెలలు ఆటలో నేనే పట్టుబట్టి వాడాను. నిలిచినవి ఏడు: మంత్రం, మాంత్రికుడు, డాలు, కవచం, విషం, శాపం, దీవెన. ఇందులో నా ప్రతిభ ఏమీ లేదని మీకూ తెలుస్తోంది. కష్టపడి కట్టిన "మంత్రబలం", "మృతజీవులు" రెండో వారమే పోయాయి. డ్వార్ఫ్‌కి "మరుగుజ్జు" అని నేనే పెట్టి నేనే తీసేశాను. అది నిజం మనుషులను వెక్కిరించే మాటగా నలిగిపోయింది. "మర్మఘాతం" (క్రిటికల్ హిట్, మామూలుకన్నా గట్టి దెబ్బ) ఒక్కటి విచిత్రంగా బతికింది. రాతలో ఎక్కడా లేదు గానీ ఇరవై ముఖాల పాచిక ఇరవై చూపిస్తే మాత్రం ఆరుగురూ కలిసి అరుస్తారు.

రెండు మాటలు మాత్రం జంటలుగా స్థిరపడ్డాయి. "అవతారం" ఇక్కణ్నుంచే వెళ్లింది. 1985లో అల్టిమా అనే కంప్యూటర్ ఆటల వరుసలో నాలుగోదానిలోకి ఎక్కింది, ఆ తర్వాత ఆన్‌లైన్ ఆటల్లో మన బొమ్మకు పేరైంది. చివరి సున్న పోగొట్టుకుని "అవతార్" అయి ఇల్లు చేరింది. మావాళ్లు రెండూ వాడతారు, ఒకదాని చోట ఇంకోటి వాడరు. అవతార్ మార్చుకుంటారు. చిరిగిన అంగీతో వీడియోలో కనబడితే "ఏంట్రా ఈ అవతారం" అంటారు. "లూట్" కూడా అంతే. హిందీ మాట ఇంగ్లీషుకు పోయి ఆటల మీదుగా తిరిగొచ్చింది. "లూటీ" చేస్తే నేరం, "లూట్" కొడితే ఆనందం.

కుదురుకున్నవి: 26. గంటలు: 31.

దశ 8: వచ్చారా, వచ్చాయా

ఇది మొదట అనుకున్న పనిలో లేదు. తోకలు చూస్తుంటే దొరికింది. తెలుగులో మనుషులకు "వచ్చారు", మిగతావాటికి "వచ్చాయి". ఎల్ఫ్ మనిషా? ఓర్క్? నియమాల పుస్తకం ఈ ప్రశ్న అడగదు. తెలుగు క్రియ మాత్రం ప్రతి వాక్యంలోనూ జవాబు చెప్పమంటుంది.

మొదటి కొలత తప్పింది. ఏకవచనం తీసుకున్నాను. కానీ "వచ్చింది" ఆడమనిషికీ వస్తువుకీ ఒకటే కదా, ఆడ ఎల్ఫ్ వస్తే ఏ గడిలో వేయాలి? మూడు గంటలు పోయాక బహువచనం మాత్రమే లెక్కపెట్టాను. దానికి తోడు అంకెలు కూడా చూశాను. "ఇద్దరు", "ముగ్గురు" అన్నారంటే మనుషుల కింద లెక్క, "రెండు", "మూడు" అంటే కాదు.

మనుషుల లెక్క / మిగతా లెక్క:
ఎల్ఫ్: 26 / 3
డ్వార్ఫ్: 19 / 2
గ్నోమ్: 9 / 8
ఓర్క్: 8 / 31
గాబ్లిన్ (చిన్న రాక్షసులు): 2 / 44
అస్థిపంజరం: 0 / 17

ఓర్క్ వరుస నాకు కుదరలేదు. నెలలవారీగా విడగొట్టాను. మొదటి ఏడు నెలల్లో 1 / 27. తర్వాత ఏడు నెలల్లో 7 / 4. మధ్యలో ఏమైందని తేదీలు వెనక్కి తిప్పితే, ఎనిమిదో నెలలో మాలో ఒకామె చనిపోయిన పాత్ర బదులు ఓర్క్ పాత్ర తీసుకుంది. ఆ మొదటి వారం ఆమే రాసిన వరుస ఉంది: "కొండ మీద ముగ్గురు ఓర్క్‌లు ఉన్నారు, మా వాళ్లేమో అడిగొస్తా." అంతకు ముందు నెల ఆమే "మూడు ఓర్క్‌లు చచ్చాయి" అని రాసింది. ఎవరూ చర్చించలేదు, నేను గమనించలేదు, ఆమెకూ గుర్తు లేదు. చూపిస్తే నవ్వి, "అప్పుడు అవి, ఇప్పుడు మేం" అంది.

చిట్టాలో ఏం రాయాలన్నది ఇంకా తేలలేదు. "ఓర్క్‌లు దాడి చేస్తే" దగ్గర క్రియ రాకుండా వాక్యాలు తిప్పి రాశాను. పిరికి పనే.

గంటలు: 40.

దశ 9: బండి ర

చిన్న సంగతి. కథలో ఒక పాత తాళపత్రం దొరకాలి. ఇంగ్లీషు ఆటలైతే పాత వాసన కోసం అక్షరాలు మార్చి రాస్తాయి. పాత దుకాణాల బోర్డుల మీద "ది" బదులు "యీ" అని కనబడేది కూడా అలాంటిదే. థార్న్ అనే పాత అక్షరాన్ని వై అనుకోవడం వల్ల వచ్చింది. మనకు మన సామాన్లున్నాయి. గుఱ్ఱము, చెఱువు, వాఁడు అని బండి రలు, అరసున్నలు వేసి రాసిచ్చాను. వారం తిరిగేసరికి గ్రూపులో "కాఱు పంక్చర్", "డ్ఱాగన్" మొదలయ్యాయి. ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడే. ఇప్పటికి 23. లెక్కలో కలపలేదు, వేరే పేజీలో ఉంచాను.

దశ 10: చిట్టా

చివరికి పెట్టుకున్న పద్ధతి:

1. మాటను ముందు "లు"తో, "కి"తో రాసి చూడాలి. ఆ రూపం ఏదైనా తెలుగు మాటతో కలిసిపోతే దాన్ని వదిలేయాలి.
2. రెండు రూపాలు మిగిలితే నోటితో పలికేది తీసుకోవాలి.
3. అప్పటికే అందరి నోట్లో తెలుగు మాట ఉంటే అదే. కొత్తగా కట్టొద్దు.
4. "ఆ" రావాలా "ఏ" రావాలా అన్న మ్యాజిక్, మేజిక్ లాంటి తగాదాల్లో ఎక్కువమంది రాసేది. ఇక్కడ సిద్ధాంతం లేదు, చేతులెత్తడమే.
5. పొల్లు తర్వాత తోక వస్తే 200సి పెట్టాలి, నకారపు పొల్లుకు అక్కర్లేదు.

34లో 29 ఈ దారిన తేలాయి. తేలనివి అయిదు: గ్రిమ్వార్, విజర్డ్ (మాంత్రికుడు వచ్చాక కూడా ఒక పాత్ర పేరులో మిగిలింది), నైట్ (రాత్రి నైట్‌తో గొడవ, తోక తగిలినా తెగట్లేదు), ఓర్క్ (ఆర్క్ అనేవాళ్లు ఇంకా ఇద్దరున్నారు), నెర్ఫ్. ఈ నెర్ఫ్ ఒక నురగ బొమ్మల బ్రాండ్ పేరు. ఆయుధం బలం తగ్గించడానికి ఆటలవాళ్లు వాడారు. మావాళ్లు "నెర్ఫ్ చేశారు" అని ఒకటిగా రాస్తారు, "నర్ఫ్" అని ఇంకోటిగా రాస్తారు, పలికేది మాత్రం "నెఱ్ఫ్" అని. అది బండి ర పేజీలోకి పోవాలేమో.

డంజన్ సంగతి అడుగుతారేమో. సున్నతో "డంజన్". 71 చోట్ల అలాగే ఉంది. నేను తప్ప అందరూ మొదటి నుంచీ అలాగే రాస్తున్నారు.

మొత్తం గంటలు: 45. చిట్టా: 4 పేజీలు, మూడో ప్రతి.

నిన్నటి ఆట చివర్లో మా పెద్దాయన పాత్ర చనిపోయింది. ఈసారి గాబ్లిన్‌గా వస్తానన్నారు. గాబ్లిన్ వరుసను 2 / 44 దగ్గర గీత గీసి ఆపి, పక్కన కొత్త నిలువు తెరిచాను. ఆయనకు ఎందుకో చెప్పలేదు.